కలువగట్టు రాజుగారి ఆర్ అక్షరం

సముద్రపు గాలి తగిలేంత దూరంలో, ఇంగ్లీషు గాలి అప్పుడప్పుడే సోకుతున్న రోజుల్లో, కలువగట్టు అనే ఒకానొక సంస్థానం ఉండేది. దాని ప్రభువు చంద్రచూడ బహద్దరు మంచివాడే. కోపం వస్తే అరగడియ, నవ్వు వస్తే ఒక పూట. అయితే ఆయన చెన్నపట్నం నుంచి ఒక మేష్టరును పిలిపించి, మూడు నెలలు కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నాడు. వచ్చినవి నలభై మూడు మాటలు. ఆ మేష్టరు అంతకుముందు కచేరీ గుమస్తా కావడంతో, నలభై మూడూ కాగితాలకు సంబంధించినవే!

ఇక చూడండి. వంటవాడు వచ్చి "పులుసు కాగింది ప్రభూ" అంటే, "ఊరికే చెప్పకోయ్, రిపోర్టు చెయ్యి" అనేవాడు. గుర్రం ఈనిందంటే "రిజిస్టరు చేశారా?" అని అడిగేవాడు.

ఆ సంస్థానం కాగితాలన్నిటికీ కాపలాదారు వెలిచేటి అచ్చన్న. అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. లెక్క మాత్రం వేళ్లు ముడవకుండా చెప్పగలడు. అతని గదిలో ఇరవై ఆరు బీరువాలు. తూర్పున సముద్రం నుంచి పడమట కొండల దాకా ఊళ్లు ఏ వరసలో ఉన్నాయో, బీరువాలూ అదే వరస. ఫలానా ఊరి కాగితం కావాలంటే అచ్చన్న మనసులోనే ఆ దారిన నడుచుకుంటూ వెళ్లి, ఆ ఊళ్లో ఆగి, చెయ్యి చాచేవాడు. కాగితం చేతికి వచ్చేది.

ఒకనాడు గవ్వలపాలెం నుంచి పోలమ్మ అనే ముసలి జాలరి ఆమె కొలువుకు వచ్చింది. తన వెనక పాలెమంతా ఉందన్నట్టు నిటారుగా నిలబడింది.

"మారాజా, మా మడుగులో వలలెయ్యొద్దని మీ బంట్రోతులు చెప్పారు. ఆడికి బాతుల్ని కొట్టుకోడానికి దొరలొత్తారంట. మడుగు లేకపోతే నూటపాతిక కొంపల్లో పొయ్యెలగదు బాబూ. మీ తాతగోరు మా మావకి కాయితం రాసిచ్చారు. అది ఈ పంతులుబాబు కాడే ఉంది."

అచ్చన్న వెంటనే లేచాడు. "నిజమే ప్రభూ. ఇప్పుడే తెస్తాను."

"ఆగవోయ్!" అన్నాడు రాజు. "ఏ పద్ధతిలో తెస్తావు? ఆ సముద్రం, ఆ కొండ... ఇది కాగితాల గదా, తీర్థయాత్రా? ఇంగ్లీషులో అక్షరాలు ఎన్నో తెలుసా? ఇరవై ఆరు. మన బీరువాలు ఎన్ని? ఇరవై ఆరు. ఇది దైవ సంకల్పం! ఒక్కో బీరువాకు ఒక్కో అక్షరం. ప్రతి కాగితానికీ ఇంగ్లీషు పేరు పెట్టి, ఆ పేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ బీరువాలో ఉంచు. సోమవారం నుంచి అదే పద్ధతి. అడిగిన గంటలో ఇన్ఫర్మేషను రావాలి."

"అంటే ప్రభూ?"

"సమాచారంలే. పాత పద్ధతిలో తెచ్చింది ఇక చెల్లదు." పోలమ్మ వైపు తిరిగాడు. "సోమవారం రా. గంటలో మీ కాగితం దొరికిందా, మడుగు మీది. దొరకలేదా, బాతులది."

పోలమ్మకు అక్షరాల సంగతి అర్థం కాలేదు, గంట సంగతి అర్థమైంది. బయటికి వచ్చాక అచ్చన్న చెయ్యి పట్టుకుంది. "పంతులుబాబూ, నీ చేతిలో ఉన్నాం."

మర్నాటి నుంచి అచ్చన్న కాగితాలు పట్టుకుని రాజుగారి ముందు కూర్చున్నాడు. 

"ప్రభూ, ఇది ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాసిన కాగితం. ఏమంటారు?"

"రికార్డు."

"ఇది పేర్ల పట్టీ."

"రిజిస్టరు. చిన్నదైతే రోల్."

"ఇది రైతులు పెట్టుకున్న అర్జీ."

"రిక్వెస్టు."

"ఇది ఉత్తరం ప్రభూ. దీన్ని లెటరు అంటారని బండివాడు కూడా అంటున్నాడు."

"బండివాడు అనే మాట మనం అంటామా? రిప్లై అను."

"ఇది నకలు. కాపీ అనమంటారా?"

"పొద్దున్నే తాగేది అనుకుంటారు. రీప్రొడక్షను అని రాసుకో."

మాట తట్టనప్పుడల్లా రాజు మీసం దువ్వుకుని "ఇదీ రికార్డే" అనేవాడు. 

సాయంత్రానికి నూటపది కాగితాలు అయ్యాయి. ఏ అక్షరంతో మొదలయ్యాయో అడిగి రాసుకున్న పట్టీని అచ్చన్న పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. ఆర్. ఆర్. ఆర్. నూటపదీ ఆర్ అక్షరమే!

మిగతా కాగితాలకూ ఇవే పేర్లు పడతాయి. అతను ఆ పట్టీ చూస్తూనే లెక్క కట్టాడు. బీరువాకు నాలుగు వందల చొప్పున మొత్తం పదివేల నాలుగు వందల కాగితాలు. అన్నీ తెచ్చి ఒకే బీరువా ముందు గుట్ట పోస్తే, గంటకు ఎనభై చదివినా నూటముప్ఫై గంటలు. రోజుకు పది గంటల చొప్పున పదమూడు రోజులు. రాజు ఇచ్చింది ఒక్క గంట. మిగతా ఇరవై అయిదు బీరువాల్లో బల్లులు గుడ్లు పెట్టుకోవచ్చు.

తప్పు ప్రభువుది అంటే ప్రభువుకు కోపం వస్తుంది. కోపం అరగడియలో పోవచ్చు గానీ, ఆ అరగడియలో పోయే మడుగు తిరిగి రాదు. అచ్చన్న కాసేపు తల గోక్కున్నాడు. తరవాత పాగా సర్దుకుని వినయంగా అడిగాడు.

"ప్రభూ, ఆర్ తో మొదలయ్యేవన్నీ ఆర్ అని రాసిన బీరువాలోనే ఉంచాలి కదా?"

"మరి? ఆర్ రాసిన బీరువాలో తప్ప ఇంకెక్కడైనా ఒక్క కాగితం కనిపించిందా, నీ ఉద్యోగం పోయినట్టే!"

"ఆ మాటే రాసి ముద్ర వేసి ఇప్పించండి. రికార్డుగా ఉంటుంది."

శిష్యుడు దారిలో పడ్డాడని రాజు మురిసిపోయి, సొంత చేత్తో రాసి ముద్ర వేశాడు. అచ్చన్న రెండు రోజులు గది తలుపులు వేసుకుని పనిచేశాడు.

సోమవారం రాజు కొలువు మొత్తాన్నీ వెంటబెట్టుకుని గది ముందుకు వచ్చాడు. జేబు గడియారం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒక పక్కన నిలబడింది.

"గవ్వలపాలెం కాగితం. గంట మొదలైంది, కానీ!"

అచ్చన్న తలుపు తీసి లోపలికి వెళ్లాడు. కళ్లు మూసుకుని సముద్రపు ఒడ్డున రెండు అడుగులు నడిచినట్టు నడిచాడు. మూడో బీరువా తెరిచి, రెండో అర మీద చెయ్యి పెట్టి, ఎర్రగుడ్డ మూట విప్పాడు. గడియారంలో పెద్ద ముల్లు రెండు గీతలు కదిలేలోపు కాగితం రాజుగారి చేతిలో ఉంది.

"భళా!" అన్నాడు రాజు. "చూశారా ఇంగ్లీషు పద్ధతి మహిమ!" అంటూ గర్వంగా గదిలోకి అడుగుపెట్టి, టక్కున ఆగిపోయాడు.

మొదటి బీరువా మీద ఆర్. రెండో దాని మీద ఆర్. చివరిదాకా ఇరవై ఆరు బీరువాల మీదా తెల్లరంగుతో జానెడేసి ఆర్!

"ఏమిటిది? ఎ ఏది? బి ఏది?" రాజు మీసాలు లేచి నిలబడ్డాయి.

అచ్చన్న ముద్ర వేసిన ఆజ్ఞ తీసి రెండు చేతులతో అందించాడు. "ఆర్ రాసిన బీరువాలో తప్ప ఎక్కడా ఉంచవద్దని తమరి సెలవు. తమరు పేరు పెట్టిన ప్రతి కాగితమూ ఆర్ తోనే మొదలైంది. పదివేల నాలుగు వందలకు ఒక్క బీరువా చాలదు కదా ప్రభూ! అందుకని కాగితాలను అక్షరం దగ్గరికి మోయకుండా, అక్షరాన్నే కాగితాల దగ్గరికి మోశాను. కాగితాలు బరువు. అక్షరం తేలిక."

పోలమ్మకు ఉండబట్టలేదు.

"పంతులుబాబూ, అన్నీ ఆ 'ర' తోనే మొదలయితే, మా రొయ్య కూడా ఆ బీరువాలోదేనా?"

రాజు పెదవి అదిరింది. ముందు ముక్కుతో నవ్వాడు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు, చివరికి మూడో బీరువాకు చేరబడి కళ్లు తుడుచుకున్నాడు. "రొయ్యేనా ముసలమ్మా? రాజా కూడా అందులోదే!"

నవ్వు ఆగాక కాగితం విప్పాడు. అడుగున తాతగారి ముద్ర. 'మడుగులో నీళ్లున్నంత కాలం వల గవ్వలపాలెందే' అని రాసి ఉంది. గొంతు సవరించుకుని అందరికీ వినిపించేలా చదివాడు. ఈసారి మధ్యలో ఒక్క ఇంగ్లీషు మాట కలపలేదు.

"మీ మడుగు మీదే. వెళ్లి వలలు వేసుకోండి. దొరలకు బాతులు నేను ఇంకోచోట చూపిస్తాను" అన్నాడు.

పోలమ్మ దండం పెట్టి, కొలువు మర్యాద మరిచి, వీధి గుమ్మం దాకా పరుగెత్తింది.

రాజు అచ్చన్న భుజం తట్టాడు. "నా మాట ఒక్కటి జవదాటకుండా నన్నే ఓడించావు. నీకు బహుమానం ఇవ్వాలి." వేలి నుంచి కెంపుటుంగరం తీస్తూ, అలవాటు చొప్పున ఆగాడు. "బహుమానాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? రివార్డు."

"అదీ ఆర్ తోనేనా ప్రభూ?"

"ఆర్ తోనే."

అచ్చన్న గబుక్కున చెయ్యి చాచాడు. "అయితే బీరువాలో పెట్టించకండి. చేతికే ఇప్పించండి!"