చెరిపేసిన మచ్చ

సాలూరులో ఫోటో స్టూడియో నడిపే గౌరునాయుడు ముఖాలు దిద్దడంలో దిట్టే గాని, అసలు ఫోటోను దాచి ఉంచడానికి మాత్రం బద్ధకించేవాడు. తీసిన ఫోటోలన్నీ అతని కంప్యూటర్లో లైబ్రరీ అనే ఒకే చోట ఏడాది వారీగా ఉండేవి. వాటిని దిద్దే సాఫ్ట్‌వేర్ వేరు. ఏ ఫోటోను అందులోకి పంపినా, అసలును దిద్దాలా, నకలు తీసి దిద్దాలా అని కంప్యూటర్ అడిగేది. గౌరునాయుడు ప్రతిసారీ అసలునే దిద్ది, దాని మీదే సేవ్ చేసేవాడు.

నకలు తీసుకోమని, ప్రింట్లు తీసే భార్య రవణమ్మ చాలాసార్లు చెప్పింది. ఒకే ముఖం రెండేసి చోట్ల ఉంటే ఏది ఏదో వెతుక్కోలేక చావాలని అతను విసుక్కునేవాడు.

"పోయిన మొటిమలు తిరిగి పెట్టమని ఇంతవరకు ఎవరైనా వచ్చారటే?" అని నవ్వేవాడు.

ఒక ఉదయం పారమ్మ అనే కూలి మనిషి వచ్చింది. ఆమె తండ్రి పోలయ్య చనిపోయి వారమైంది. పెదకర్మ నాటికి పటం కట్టించాలి. ఏడాది కిందట మనవరాలి పెళ్లిలో గౌరునాయుడు తీసిన ఫోటో ఒక్కటే ఆ ముసలాయనకు ఉంది. ఆధార్ కార్డులోది ఉత్త మసక.

గౌరునాయుడు లైబ్రరీలో వెతికి ఫోటో తెరిచాడు. పోలయ్య చెంపలు పెళ్లికొడుకు చెంపల్లా నున్నగా మెరుస్తున్నాయి. తన పనితనానికి తనకే ముచ్చటేసింది.

పారమ్మ చాలాసేపు చూసింది.

"మా అయ్య మచ్చేది బాబూ?" అంది.

పోలయ్యకు ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా గాటు ఉండేదట. పారమ్మకు నాలుగేళ్లప్పుడు, ఆమెను కుమ్మబోయిన ఎద్దుకు అడ్డంపడి తెచ్చుకున్నదట. చిన్నప్పుడు ఆ గాటు మీద వేలు పెట్టుకుంటేనే తనకు నిద్ర పట్టేదని చెప్పింది.

గౌరునాయుడు లైబ్రరీ అంతా గాలించాడు. ఉన్నది ఆ నున్నని ముఖమే. కెమెరా కార్డు చెరిపి, దాని మీద ఆ తర్వాత ఇరవై పెళ్లిళ్లు తీశాడు. చివరికి ఆమె చెప్పిన చోట తానే ఒక గాటు గీసి ప్రింటు తెచ్చి చూపించాడు.

"ఇది మీ చేతిది బాబూ. మా అయ్యది కాదు," అని పారమ్మ దాన్ని బల్ల మీదే పెట్టి వెళ్లిపోయింది.

పెదకర్మనాడు పటం ఉండాల్సిన చోట పోలయ్య తలపాగా పెట్టారని తర్వాత తెలిసింది. ఆనాటి నుంచి గౌరునాయుడు నకలు తీయనిదే ఏ ముఖమూ ముట్టుకోలేదు. పోలయ్య ముఖం మాత్రం తిరిగి రాలేదు.

అసలును భద్రం చేయనిదే దేన్నీ దిద్దకూడదు; తిరిగి తేలేనిదాన్ని చెరుపుకున్నాక ఎంత నేర్పున్నా అక్కరకు రాదు.