ఆకుపచ్చ గీత

"మనిషి మాట నమ్మాలా, తెరమీది గీతను నమ్మాలా గురువుగారూ?" అని అడిగింది ప్రసూన. జవాబు ముందే పెట్టుకుని అడుగుతోందని, ఆఫీసులో ఆమెకు పని నేర్పిన మార్కండేయులుగారికి తెలిసిపోయింది.

బస్సు టికెట్లు అమ్మే వెబ్‌సైటు ఆమె బాధ్యత. సైటు పనిని నాలుగు ప్రాసెస్‌లు, అంటే పక్కపక్కనే నడిచే ఒకే ప్రోగ్రాము ప్రతులు, పంచుకుంటాయి. పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందో గోడమీది తెరపై ఆకుపచ్చ గీత చూపిస్తుంది; ఆలస్యమైతే గీత పైకి లేస్తుంది. ఆ గీత చాన్నాళ్ళుగా నిక్షేపంగా ఉంది. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఫణీంద్ర మాత్రం పేజీ తెరుచుకోక జనం తిట్టిపోస్తున్నారంటాడు. సెలవు ఇవ్వలేదన్న అక్కసుతో కట్టుకథలు అల్లుతున్నాడని ప్రసూన అనుమానం. అతణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యమని సాయంత్రానికల్లా పైవాళ్ళకు చెప్పేయాలనుకుంది. గురువుగారిదీ అతనిదీ ఒకే ఊరన్న సంగతి కూడా ఆమెను గుచ్చుతూనే ఉంది.

మార్కండేయులుగారు వాదనకు దిగే మనిషి కాదు. "క్యాంటీన్ కిటికీ దగ్గరికెళ్ళి, లోపల పని ఎలా సాగుతోందో అడిగి రామ్మా" అన్నారు.

తమ ఊరివాణ్ణి వెనకేసుకురావడానికి ఇదో ఎత్తు కాబోలనుకుంటూ వెళ్ళింది. "బ్రహ్మాండంగా ఉందండీ!" అని లోపలినుంచి జవాబు వచ్చింది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. వచ్చి ఆ మాటే చెప్పింది.

"ఈసారి లోపలికెళ్ళి చూడు."

లోపల కిటికీ పక్కన టీ కాచేవాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అవతల దోసెల పెనం దగ్గర మనిషికి ఊపిరాడటం లేదు. ఎవరేం అడుగుతున్నారో వినే స్థితిలో కూడా లేడు పాపం.

ప్రసూన గబగబా వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. ఎంతసేపు పడుతోందని తెర అడిగిన ప్రతిసారీ ఖాళీగా ఉన్న ప్రాసెస్సే తన కొలత చెప్పి పంపిస్తోంది. నాలుగింటినీ విడివిడిగా అడిగించి, నాలుగు గీతలు గీయించింది. మూడు నున్నగా సాగాయి. నాలుగోది తెర పైఅంచుకు ఎగబాకింది. దాని పాలబడ్డ ప్రయాణికులే ఫణీంద్రకు ఫోన్లు చేస్తున్నారన్నమాట. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"గీత నన్ను మోసం చేసిందండీ" అంది.

"ఫణీంద్రది అక్కసని నీకెవరు చెప్పారమ్మా?"

"టీ దగ్గర మన ఆఫీసువాళ్ళు అనుకుంటుంటే విన్నానండీ. అతన్నే అడుగుదామంటే ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటాడు."

మార్కండేయులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మనవాళ్ళకు తీరికెక్కువమ్మా" అన్నారు.