చెరువు గట్టున ఆగని ఇంజిన్

ఏం చూశారో ముందు మీరు చెప్పండి. హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చిన కాగితం ఒకటి మీ ముందు పెట్టారనుకోండి. ఒక పికప్పు బండి ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిలును పరీక్షించి ఇచ్చిన కాగితం అది. ఆయిల్లో ఇనుప రజను మామూలుకు మూడింతలుంది. డీజిల్ కలిసింది. చిక్కదనం తగ్గింది. మూడింటి పక్కనా ఎర్ర గుర్తులు పెట్టారు. ఏం చూశారు? ఇంజిన్ అరిగిపోయిందనేగా? చీరాల బైపాసు పక్కన షెడ్లలో ఉన్నవాళ్లందరూ అదే అన్నారు. బండి మొహం చూడకుండానే అన్నారు. అనడానికి ఏం ఖర్చు? ఒళ్లు వంచాల్సింది వాళ్లు కాదు కదా.

ఆ బండి ఏడుకొండలుది. సముద్రం ఒడ్డు హేచరీల్లో రొయ్య పిల్లల్ని నీళ్ల ట్యాంకుల్లో ఎక్కించుకుని నిజాంపట్నం వైపు చెరువులకు చేర్చడం అతని పని. వెంట్రుక ముక్కల్లాంటి ప్రాణాలు అవి. దారిలో జాగైతే తట్టుకోలేవు. నీళ్ల బరువుతో బండి ఈడ్చుకుంటూ పోతోందని, లాగుడు పెంచమని అతను సువార్త దగ్గరికి వచ్చాడు. సువార్త బాజీ మేస్త్రి శిష్యురాలు. పాలిటెక్నిక్ అయ్యాక, ఇంట్లోవాళ్లు మొహం తిప్పుకున్నా లెక్కచేయకుండా, మేస్త్రి షెడ్డులో ఏళ్ల తరబడి గ్రీజులో చేతులు పెట్టి పని నేర్చిన మనిషి. ఆమె ఒంటిచేత్తో ట్యూనింగ్ చేసిన మొదటి బండి అదే. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్‌కు డీజిల్ అందే తీరు, టర్బో గాలి నెట్టే తీరు సరిచేసింది. నిండు లోడుతో బండి ఫ్లైఓవరు మీదికి అలవోకగా ఎక్కుతుంటే ఏడుకొండలు నవ్వాపుకోలేకపోయాడు. ఆ రోజు ఆమె షెడ్డులోకి నడిచి వచ్చిన తీరు చూడవలసింది.

ఇప్పుడీ కాగితం వచ్చింది. ట్యూనింగ్‌లో తానిచ్చిన అదనపు డీజిలే సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తోందని, అందుకే ఇనుము అరుగుతోందని ఆమెకే అనుమానం పట్టుకుంది. అదే నిజమైతే ట్యూనింగ్ తీసేయాలి, ఇంజిన్ విప్పాలి. చెరువుల్లో పిల్ల వదిలే అదను అది. బండి షెడ్డులో పడితే హేచరీవాళ్లు ఇంకో బండిని పిలుస్తారు, ఏడుకొండలు సీజన్ మట్టికొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఏ బండివాడూ సువార్త చేతిలో తాళం పెట్టడు. పక్క షెడ్డువాడు అప్పుడే మొదలుపెట్టాడు, నలుగురూ వినేలా. "గుర్రాన్ని చేస్తానంది. ఉన్న గాడిద కూడా పోయె."

బాజీ మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా నేరుగా జవాబివ్వడు, ఏదో ఒక పని చెబుతాడు. నేర్చుకునేవాళ్లకు అది ఒళ్లుమంట. ఆ సాయంత్రం సువార్త కాగితం తీసుకెళ్లి ఆయన ముందు నిలబడి, "మేస్త్రిగారూ, ఇనుము ఎంత దాటితే ఇంజిన్ పోయినట్టు?" అని అడిగింది. ఆయన ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. చేతులు తుడుచుకుంటూ, పొద్దున్నే ఏడుకొండలు బండిలో ఎక్కమన్నాడు, చెరువు దాకా పోయి రమ్మన్నాడు, కాగితం వెంట పెట్టుకోమన్నాడు. అంతే.

ఆమె వెళ్లింది. దారి పొడుగునా చెవులు ఇంజిన్‌కే అప్పగించి కూర్చుంది. టర్బో ఈల సన్నగా, ఒకే తీరున వినిపిస్తోంది. పొగ లేదు, వణుకు లేదు. తను చేసిన పని కాళ్ల కింద పొంగుతుంటే ఛాతీ నిండిపోయింది. మరుక్షణమే జేబులోని కాగితం గుర్తొచ్చి మళ్లీ ఇంజిన్‌కే చెవి ఒగ్గింది. ఏడుకొండలు మాత్రం హేచరీ కబుర్లు చెబుతూ, ఇన్నేళ్లలో తన బండిలో పిల్ల చచ్చిందన్న మాట ఏ రైతు నోటా రాలేదని గొప్పగా చెప్పుకున్నాడు. చెప్పుకోడూ మరి?

చెరువు గట్టు మీద బండి ఆగింది. టర్బో బండిని ఆపగానే ఇంజిన్ కట్టేయకూడదు, కాస్త చల్లబడనివ్వాలి. ఆ కాస్తా ఆగి, అలవాటు చొప్పున సువార్త తాళం మీదికి చెయ్యి పోనిచ్చింది. ఏడుకొండలు ఆ చేతిని గబుక్కున పట్టేశాడు.

"అమ్మాయిగారూ, ఆపితే ఎట్టా? వాటికి ఊపిరి ఇంజినేగా."

ట్యాంకుల్లోకి గాలి కొట్టే పంపు ఇంజిన్ బెల్టు మీదే తిరుగుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, బెల్టు మార్చింది తనే. అయితే అది దారిలోనే అవసరమనుకుంది. ఏడుకొండలు లుంగీ ఎగగట్టి చెరువులో దిగాడు. ఒక చెంబు చెరువు నీళ్లు తెచ్చి ట్యాంకులో పోశాడు. కాసేపు చూశాడు. మళ్లీ ఒక చెంబు. హేచరీ నీళ్ల ఉప్పు వేరు, చెరువు ఉప్పు వేరు, వేడీ వేరే. ఒక్కసారిగా వదిలితే పిల్ల తట్టుకోదు. రెండు నీళ్లూ ఒకటయ్యేదాకా చెంబు చెంబుగా కలుపుతూనే ఉండాలి, ఆ నీళ్లలో గాలి ఆడుతూనే ఉండాలి. రైతు గట్టు మీద చతికిలబడి చుట్ట కాల్చడం మొదలుపెట్టాడు. ఎండ ఎక్కింది. బండి ఉన్నచోటు నుంచి కదలకుండా గుడగుడలాడుతూనే ఉంది.

సువార్త డ్రైవరు సీట్లోకి జరిగి మీటరు వైపు చూసింది. కిలోమీటర్ల అంకె వచ్చినప్పుడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. కాగితం తీసింది. పైన, ఆయిలు పోశాక బండి ఎంత తిరిగిందని అడిగిన చోట, కిలోమీటర్లు రాసింది తన చెయ్యే. ఆ దూరానికి అంత ఇనుము ఎక్కువే, ఎవరు చూసినా ఎక్కువే. కానీ ఇంజిన్ పనిచేసింది ఆ దూరమేనా? ఆమె కిందికి దిగి, రోజూ ఇంతేనా అని ఏడుకొండలును అడిగింది. రోజూ ఇంతేనన్నాడు. హేచరీ దగ్గర వరుసలో నిలబడినప్పుడు కూడా ఇంతేనట, ఎండాకాలం ఇంకా ఎక్కువట. మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేమని ఆమె కోప్పడితే అతను చెంబు పట్టుకుని తెల్లబోయాడు.

"నిలబడ్డదానికి చెప్పేదేముందమ్మా?"

అప్పుడు ఆమెకు ఒక్కొక్క ముడీ వీడింది. బండి కదలకుండా ఇంజిన్ సన్నగా ఆడుతున్నప్పుడు లోపల సరిపడా వేడెక్కదు. కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పల్చబడుతుంది. మీటరు తిరగకపోయినా లోపల ఇనుము ఇనుమునూ ఒరుసుకుంటూనే ఉంటుంది, రజను రాలుతూనే ఉంటుంది. బండి తిరిగిన దూరానికి ఎక్కువైన ఇనుము, అది పనిచేసిన గంటలకు ఎక్కువ కాదు. అరిగిపోయింది ఆయిలు. దాన్ని ఎప్పుడో మార్చి ఉండాల్సింది. ఏడుకొండలు ట్యాంకు మూత తెరిచాడు. పిల్ల చెరువులోకి పొగమంచులా పరుచుకుంటూ పోతుంటే తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అతని నవ్వు చూసి ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో తన ట్యూనింగ్ మీద గర్వం ఎంత ఉందో, ఆ మొండి ఇంజిన్ మీద అంతకు మించి ఉంది.

షెడ్డుకు తిరిగొచ్చి ఆమె ఇంజిన్ విప్పలేదు, ట్యూనింగ్ ముట్టుకోలేదు. పాత ఆయిలు దించి కొత్తది పోసింది. ట్రాక్టర్లకు ఉండే, ఇంజిన్ ఆడిన గంటలు లెక్కపెట్టే మీటరు ఒకటి తెచ్చి డ్యాష్‌బోర్డు మీద బిగించింది, ఇకమీదట ఆయిలు దాన్ని చూసి మార్చమంది. ఈ మీటరు ఏం చెబుతుందని ఏడుకొండలు అడిగితే, నువ్వు చెప్పనిది చెబుతుందని కసిరింది. బండి అదనులో ఒక్క ట్రిప్పూ తప్పలేదు. తర్వాతి నమూనా కాగితంలో ఎర్ర గుర్తు లేదు. పక్క షెడ్డువాడు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన బావమరిది బండి కూడా కొంచెం చూడమని మెల్లగా అడిగాడు. సువార్త వెంటనే ఒప్పుకోలేదు, రెండు రోజులు తిప్పింది. తిప్పే హక్కు ఆమెకుంది.

ఆ కొత్త కాగితాన్ని మాత్రం బాజీ మేస్త్రి చదివాడు. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరు షెడ్డుకొచ్చినా తీసి చూపిద్దామనే అయి ఉంటుంది, ఆయన ఒప్పుకోడు గానీ. సువార్త వైపు తిరిగి అన్నాడు.

"పోయిన దూరం ప్రతివాడూ అడుగుతాడమ్మాయ్. నిలబడ్డ గంటలు అడిగినవాళ్లే మేస్త్రులు."

మరి మీరు, మీ ఇంట్లోనో మీ పనిలోనో, నిలబడ్డ గంటలు ఇంతవరకూ ఎవరిని అడగలేదు?