ఎనిమిది గంటల ఓట్స్ జావ

జిల్లేడుపాకలో తెలివైన ఇల్లు ఏదంటే కర్రివారి ఇల్లే అని చెప్తారు. ఎవరు చెప్తారంటే, కర్రివారే చెప్తారు. ఊళ్ళో మిగతావాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలీదు, పాపం.

ఆ ఇంటికి పెద్దకొడుకు అచ్చియ్య. వాడి తమ్ముడు పేరయ్య. అచ్చియ్య పెళ్ళాం మంగతాయారు. ముగ్గురిదీ ఒకటే గొప్ప. "మాట అన్నాక దానికో అర్థం ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకోవడం అందరివల్లా కాదు" అనేవాడు అచ్చియ్య. అవును మరి, అందరివల్లా ఎలా అవుతుంది? రోడ్డు మీద 'ఇచ్చట బస్సు ఆగును' అన్న బోర్డు చూసి, దాన్ని ఊడబీకి తన గుమ్మానికి తగిలించుకున్న మహానుభావుడు వాడు. రెండు రోజులు సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బస్సు రాలేదు. "డ్రైవరుకి చదువు రాదు" అని తేల్చేశాడు.

ఆ ఇంట్లో నిజంగా బుద్ధున్న మనిషి వాళ్ళమ్మ వీరాయమ్మ. ఇన్నాళ్ళూ ఆవిడ నోరే ఆ సంసారాన్ని లాక్కొచ్చింది. అలాంటిది, ఓ సోమవారం తునిలో పళ్ళ డాక్టరు ఆవిడకి మిగిలిన పదకొండు పళ్ళూ పీకేశాడు. ఇంకేముంది! ఇంట్లో ఉన్న ఒక్క తెలివికీ నోరు పడిపోయింది. ఏం మాట్లాడినా గాలే వస్తోంది.

"వారం పాటు నమలకూడదు" అన్నాడు డాక్టరు. "పొద్దున్నే మెత్తగా జావలాంటిది కడుపునిండా పెట్టి, అప్పుడు మాత్ర వెయ్యండి. ఖాళీ కడుపుతో వేస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది."

వీరాయమ్మ కూతురు కనకవల్లిని తునిలోనే ఇచ్చారు. అమ్మ దగ్గర వారం రోజులు ఉండాలని ఆవిడకీ ఉంది. కానీ ఇంట్లో అత్తగారు కాలు విరిగి మంచం మీదుంది. వచ్చే సోమవారం దాకా కదలడానికి లేదు. అందుకని తన ఇంట్లోని స్లో కుక్కరూ, ఓట్స్ పొట్లమూ తెచ్చి మంగతాయారు చేతిలో పెట్టింది.

"వదినా, ఇది కరెంటు మీద నిదానంగా ఉడికిస్తుంది. ఒక్కసారి వండావంటే ఐదు రోజుల టిఫినుకి సరిపోతుంది. ముందు గిన్నె లోపలంతా నెయ్యి రాయి. రెండు కప్పుల ఓట్స్‌కి ఎనిమిది కప్పుల నీళ్ళు. బెల్లం, యాలకుల పొడి, ఖర్జూరం ముక్కలు, ఓ దాల్చినచెక్క పడెయ్యి. మూతపెట్టి ఎనిమిది గంటలు ఉంచు. అడుగంటకుండా చూసుకో. అంతే."

"అంతేనా!" అంది మంగతాయారు.

"అంతే. కానీ చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. మీ కాళ్ళకి దండం పెడతాను, సొంత తెలివి వాడకండి."

అంత తెలివి ఉండీ వాడొద్దంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా అమ్మ కోసం ముగ్గురూ ఒప్పుకున్నారు.

మంగళవారం పొద్దున్నే వీరాయమ్మ పీట వేసుకుని, పక్కన మాత్ర పెట్టుకుని కూర్చుంది. మంగతాయారు చకచకా వంటింట్లోకి వెళ్ళబోయింది.

"ఆగు!" అన్నాడు అచ్చియ్య. "అదేం కుక్కరు?"

"స్లో కుక్కరు."

"మరి దానిముందు నీకా పరుగేమిటే?"

నిజమే కదా అనుకుంది ఆవిడ. అంతే, ఆ క్షణం నుంచి ముగ్గురూ నిదానం. హాల్లోంచి వంటింట్లోకి పన్నెండు అడుగులు. పేరయ్య అరగంటలో చేరాడు. మాటలు కూడా సాగదీశారు. "వ...ది...నా... నె...య్యే...ది..." అని వాడు అడిగేసరికి పొయ్యి పక్కన పిల్లి పడుకుని, నిద్రపోయి, లేచి వెళ్ళిపోయింది.

ఇక నెయ్యి రాయాలి. మంగతాయారు దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. సుద్దముక్క తీసుకుని గిన్నె లోపల చుట్టూ 'నెయ్యి, నెయ్యి, నెయ్యి' అని రాసింది. అడుగున చోటు మిగిలితే పెద్దక్షరాలతో ఇంకోటి రాసింది.

"చూశావా, డబ్బాలో నెయ్యి చుక్కైనా తరగలేదు. కనకం సంసారం తెలిసిన పిల్ల" అని మెచ్చుకున్నాడు అచ్చియ్య.

ఓట్స్ వేశారు, నీళ్ళు పోశారు, బెల్లం వేశారు. దాల్చినచెక్క దగ్గర బండి ఆగింది.

"దాల్చిన చెక్క అంటే?" అని అడిగాడు పేరయ్య.

"దాల్చడమంటే ధరించడం. ఎవరో ఒకళ్ళు ధరించిన చెక్క కావాలి" అన్నాడు అచ్చియ్య. వాడు ఏడో తరగతి మూడుసార్లు చదివినవాడు. ఆమాత్రం తెలీదా?

ఇంట్లో చెక్కలు చాలా ఉన్నాయి గాని, ఒక్కటీ ఎవరూ ధరించింది కాదు. ఇంకేముంది, చపాతీలు ఒత్తే పీటకి తాడు కట్టి పేరయ్య మెడలో వేశారు. "కాసేపు ఉంచుకో. బాగా దాల్చాక వేద్దాం" అంది మంగతాయారు.

పీట మీంచి వీరాయమ్మ ఇదంతా చూస్తోంది. "ఫాడు ఫెధఫల్లారా! ఆఫండి!" అని అరిచింది.

"ఏమంటోంది?"

"ఫలహారం, ఫలహారం అంటోంది. ఆకలి మీదుంది పాపం. త్వరగా... అదే, నిదానంగా కానివ్వండి" అన్నాడు అచ్చియ్య.

మిగిలింది ఎనిమిది గంటలు. ఇంట్లో చూస్తే పూజ గంట ఒక్కటే ఉంది. ఇంకా ఏడు కావాలి. ఐదు రోజుల టిఫినంటే మాటలా మరి! అన్నదమ్ములిద్దరూ ఊరి మీద పడ్డారు. ముందు అచ్చియ్య, వెనక మెడలో చపాతీ పీటతో పేరయ్య, ఇద్దరూ నత్తలతో పందెం వేసినట్టు నడుస్తున్నారు. ఎవరో చనిపోయారనుకుని ఇద్దరు ముగ్గురు తువ్వాలు భుజాన వేసుకుని వెనకాలే వచ్చారు కూడా.

ఎద్దుల మెడల్లోంచి రెండు గంటలు విప్పారు. మేక మెడలోంచి ఒకటి. ఐసుపండ్ల బండికి ఉన్నదొకటి. గోడవార నిలబెట్టిన రెండు సైకిళ్ళకి రెండు. అవి ట్రింగుమంటాయి కదా, గంటల్లో లెక్కా కాదా అని దారిలో పావుగంట ఆగి వాదించుకున్నారు. దసరాకి వాటికీ కుంకం బొట్టు పెట్టారు కాబట్టి గంటలే అని తేలింది. ఇంకోటి తక్కువైంది. అంతే, తిన్నగా బడికెళ్ళి, వరండాలో కిటికీలో ఉన్న ఇత్తడి చేతిగంట పట్టుకొచ్చేశారు.

ఇంటికొచ్చి ఎనిమిది గంటలూ కడిగారు. శుభ్రం ముఖ్యం కదా. ఒక్కోటీ నిదానంగా జావలో దించారు. బడిగంటకి పిడి పొడుగు. మూత పడలేదు. పిడి బయటికి ఉంచి, మూత ఓరగా పెట్టి, పైన రోకలి పెట్టారు.

"ఇక అడుగంటకుండా చూసుకోవడమే" అంది మంగతాయారు.

ముగ్గురూ కిందికి చూసుకున్నారు. ఆరు కాళ్ళూ నేలకి అంటుకునే ఉన్నాయి!

"అమ్మో! ఎక్కండి, ఎక్కండి!" అని అరిచాడు అచ్చియ్య. ఈసారి నిదానం ఎవరికీ గుర్తు రాలేదు. అచ్చియ్య గాదె మీదికెక్కాడు. మంగతాయారు రుబ్బురోలు మీద చతికిలబడి కాళ్ళు పైకి ముడుచుకుంది. పేరయ్యకి చోటు దొరక్క కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడాడు. మెడలో పీట చెక్కుచెదరలేదు. బాగా దాల్చుతోంది.

ఈలోపు బడిలో కొంప మునిగింది. గంట కొట్టనిదే ఏ పీరియడూ మారదు. మూడో తరగతి పిల్లలు పొద్దున్న పదమూడో ఎక్కం మొదలెట్టారు. మధ్యాహ్నమైంది, ఇంకా పదమూడో ఎక్కమే చెప్తున్నారు. కొందరు ఏడుస్తూ చెప్తున్నారు. అన్నం వండిన ఆయా గరిటె పట్టుకుని గంట కోసం చూస్తోంది. దానయ్య మాస్టారు గంట వెతుక్కుంటూ, చపాతీ పీట వార్త వినీ వినగానే, తిన్నగా కర్రివారింటికొచ్చారు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన పైకీ కిందికీ చూశారు. గాదె మీద ఒకడు, రోలు మీద ఒకత్తె, కిటికీకి ఒకడు.

"మాస్టారూ, అడుగు అంటుతోంది! ఏదో ఒకటి ఎక్కండి!" అని అరిచాడు పేరయ్య.

"నా గంటేదిరా?"

"ఉడుకుతోందండి. ఇంకా మెత్తబళ్ళేదు."

మాస్టారు మూత తీశారు. బెల్లం జావలోంచి బడిగంట పిడి పట్టుకుని పైకి లాగారు. బడికెళ్ళి కొడితే 'ఖణేల్' అనాల్సింది 'బొద్దు' అంది. అయినా పిల్లలు ఆ బొద్దుకే బతుకు జీవుడా అని పరిగెత్తారు.

ఆయన మంచి మనిషి. సాయంత్రం భార్యచేత వీరాయమ్మకి గ్లాసుడు రాగిజావ పంపించారు. ఆవిడ అది తాగి, మాత్ర వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. కనకవల్లికి ఫోను కూడా ఆయనే చేశారు.

బుధవారం పొద్దున్న కనకవల్లి ఫోన్లోకి వచ్చింది. ముందు పది నిమిషాలు తిట్టింది. "గంటలంటే టైమురా! గడియారం చూసి ఎనిమిది గంటలు!" తరవాత ఒక్కో పనీ తనే చెప్పి చేయించింది. నేతిలో వేలు ముంచి గిన్నెకి పూయమంది. దాల్చినచెక్క పోపులపెట్టెలో ఉంటుంది, చూడమంది. "అందరూ కాళ్ళు కింద పెట్టండి" అని కూడా చెప్పింది. ఎంతైనా తోబుట్టువు కదా, ఎక్కడ ఏం జరుగుతుందో తెలుసు.

ఆశ్చర్యం ఏమిటంటే, జావ కుదిరింది! మధ్యాహ్నం దాటేసరికి యాలకులు, నెయ్యి, ఖర్జూరం కలిసిన వాసన వీధంతా కమ్మింది. గరిటె పెడితే మీగడలా జారుతోంది. వీరాయమ్మ లేచి, ఓ గిన్నె పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళతో వచ్చి నిలబడింది.

"ఇది టిఫినమ్మా. పొద్దున్న తినాలి. సాయంత్రం తింటే ఎలా?" అని అచ్చియ్య ఆ గిన్నె తీసుకుని, కడిగి, బోర్లించాడు.

ఐదు డబ్బాల్లో సమంగా సర్దారు. ఫోన్లో కనకవల్లి పేరయ్యకి చివరిమాట చెప్పింది. "ఒరేయ్, ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నే ఓ డబ్బా తీసి, కాసిని పాలు పోసి, వేడి చెయ్యి. అమ్మకి పెట్టు. రోజుకో డబ్బా ఖాళీ అయిపోవాలి. నేనొచ్చేసరికి ఒక్కటీ మిగలకూడదు."

గురువారం తెల్లవారింది. పేరయ్య డబ్బా తీశాడు. కాసిని పాలు పోశాడు. స్టవ్ వెలిగించి, చెయ్యి మంట దగ్గర పెట్టి బాగా కాచుకున్నాడు. పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆ వేడి చెయ్యి అమ్మకి పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? పళ్ళు పీకిన బుగ్గ మీద!

వీరాయమ్మ కేకకి నాలుగిళ్ళ అవతల కాకులు లేచాయి.

"హాయిగా ఉన్నట్టుంది" అంది మంగతాయారు.

ఆ తరవాత డబ్బా పట్టుకుని వీధిలోకెళ్ళి, జావంతా కాలవలో పోసి, ఖాళీ చేసి, కడిగి పెట్టింది. శుక్రవారం మళ్ళీ అదే. శనివారం పేరయ్య చేతులు రుద్దుకుంటూ లేవడం చూసి వీరాయమ్మ పెరటి గోడ దూకింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి! నేరుగా మాస్టారి ఇంటికెళ్ళి రాగిజావకి కూర్చుంది. ఆదివారమూ అంతే. సోమవారం ఐదో డబ్బా. ఆ ఐదు రోజుల్లో కర్రివారి కాలవ దగ్గర కుక్కలు నున్నగా, బలిసి, చూడముచ్చటగా తయారయ్యాయి.

సోమవారం ఉదయం కనకవల్లి బస్సు దిగింది. వంటింట్లో ఐదు డబ్బాలూ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి. ఆవిడ గుండె నిండిపోయింది.

"అన్నీ తినేసిందన్నమాట! అమ్మేది?"

"మాస్టారింట్లో ఉందక్కా" అన్నాడు పేరయ్య. "అయినా తినడమేంటి? నువ్వు ఖాళీ చెయ్యమన్నావు. చేశాం."

కనకవల్లి కింద కూలబడింది. అప్పుడే వీరాయమ్మ వచ్చి, కూతుర్ని చూసి, బుగ్గ చూపించి చిన్నపిల్లలా ఏడ్చింది. మాటలు లేవు. గాలీ, కన్నీళ్ళూ అంతే.

కనకవల్లి ఎవర్నీ తిట్టలేదు. తిడితే ఆ తిట్లని ఎలా అర్థం చేసుకుంటారోనని భయం. కొంగు బిగించి, మిగిలిన ఓట్స్‌తో తనే జావ పడేసింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. మూడున్నరకి ఘుమఘుమలాడే జావ తయారైంది. గిన్నె తెచ్చి, చల్లారడానికి పెరటి అరుగు మీద పెట్టింది.

"అమ్మా, ఇది కడుపునిండా తిను. తిన్నాక నిన్ను నాతో తునికి తీసుకెళ్ళిపోతాను" అంది. వీరాయమ్మ మొహం వారం రోజుల తరవాత విచ్చుకుంది. తల్లీ కూతుళ్ళు బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్తూ, "ఒరేయ్, ముగ్గురూ ఇక్కడే కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి. ఆ గిన్నె మీద ఓ కన్నేసి ఉంచండి చాలు" అని చెప్పింది కనకవల్లి.

ముగ్గురూ గిన్నె చుట్టూ కూర్చున్నారు. ఆరు కళ్ళూ గిన్నె మీదే పెట్టారు.

"తప్పు!" అన్నాడు అచ్చియ్య. "కనకం ఎన్ని కళ్ళంది?"

"ఒక్కటి."

"తలా ఒకటి వేసినా మూడవుతాయి. మళ్ళీ మన మీద మాట రానిస్తామా?"

ఇంకేముంది. అచ్చియ్య రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. మంగతాయారు కొంగు మొహం మీద కప్పుకుంది. పేరయ్య ఎడమకన్ను అరచేత్తో మూసి, కుడికన్ను గిన్నె మీద వేశాడు. వేసినవాడు వేసినట్టే ఉన్నాడు.

కాసేపటికి కనకవల్లి సంచి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పక్కింటి గేదె గిన్నె అడుగు నాకుతోంది. నాకి, తలెత్తి, బెల్లం మీసాలతో ఆవిడవంక చూసి, మెల్లగా వెళ్ళిపోయింది.

"ఏం చేస్తున్నార్రా మీరు!" అని కేకపెట్టింది కనకవల్లి.

పేరయ్య కుడికన్ను ఎర్రగా మండుతోంది, నీళ్ళు కారుతున్నాయి. అయినా గర్వంగా చెప్పాడు. "కన్నేసే ఉంచానక్కా! గేదె మొదలుపెట్టిన దగ్గర్నించి చివరి ముద్ద దాకా ఒక్కసారైనా రెప్ప వెయ్యలేదు!"

పక్కనే కళ్ళు మూసుకుని కూర్చున్న అచ్చియ్య, అలాగే కూర్చుని అడిగాడు.

"ఏ గేదెరా?"