నల్లదారం కట్టిన తాటాకు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యాన్ని చంద్రసేన మహారాజు ఏలేవాడు. ఆయన మాట అందరూ వినేవారు, ఒక్క మంద్రవతి నది తప్ప.

వానాకాలం వచ్చిందంటే నది పొంగి ఊరి మీదికి వచ్చేది. అందుకని వెనకటి రాజులెవరో గట్టుకు మూడు తలుపులు పెట్టించి, వాటిని తెరవడానికి ఒక పెద్ద కొయ్య చక్రం చేయించారు. చక్రం నిండా కంతలు. కంతల్లో చీలలు. నీటి తోపుకు చక్రం తిరుగుతుంది, చీల వెళ్ళి మీటకు తగులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఏ చీల ఏ కంతలో ఉండాలో చెప్పేదాన్ని చీలల వరస అనేవారు.

చక్రానికి సొంత బుద్ధి ఉండదు పిల్లలూ. వరస సరిగ్గా ఉంటే నీళ్ళు చేలకు పోతాయి, తప్పితే ఇళ్ళలోకి వస్తాయి. పాపం చక్రాన్ని ఎంత తిట్టి ఏం లాభం? తప్పంతా వరస రాసినవాళ్ళదే.

ఆ వరసల మీద గ్రంథాలు రాయడానికి రాజుగారు యంత్రశాల కట్టించాడు. పండితులు తాటాకుల మీద రాసి, కట్టగట్టి, భాండాగారంలో పెట్టేవారు. అక్కడొక ఆచారం ఉండేది. ఒక గ్రంథం తనకు పనికొస్తే పండితుడు దాని కట్టకు ఎర్రదారం కట్టాలి. తప్పు కనబడితే నల్లదారం కట్టాలి. ఎర్రదారాలు కోకొల్లలు. నల్లదారం మాత్రం ఎవరూ కట్టేవారు కాదు. ఎందుకొచ్చిన గొడవ!

యంత్రశాలలో ప్రోలయ అనే పండితుడు ఉండేవాడు. తెలివికి లోటు లేదు. కానీ ఆయనకు లెక్క పెరగడం మీద మోజు. ఒక గ్రంథంలో సరిపోయే సంగతిని పది ముక్కలు చేసి పది గ్రంథాలు రాసేవాడు. అలా నూట ఎనిమిది రాశాడు. స్నేహితుల గ్రంథాలకు ఆయన ఎర్రదారాలు కట్టేవాడు, స్నేహితులు ఆయన గ్రంథాలకు కట్టేవారు. ఒంటె అందానికి గాడిద మురిసింది, గాడిద పాటకు ఒంటె మురిసింది అంటారే, అదీ సంగతి.

అదే యంత్రశాలలో నది వైపు చివరి గదిలో కేతమ్మ అనే పండితురాలు ఉండేది. ఆమె గదిలో జల్లెడంత చక్రం ఒకటి, దానికి మూడు బుల్లి తలుపులు ఉండేవి. ఆమె ఒక వరస ఆలోచిస్తే ముందు ఆ చక్రానికి చీలలు పెట్టి, కిటికీ కింద పారే నదిలో నీళ్ళు కడవలతో తోడి పోసేది. వంద విధాల పోసి చూసేది. చక్రం వందసార్లూ సరిగ్గా తిరిగితేనే గంటం పట్టేది.

"నోటితో తిప్పిన చక్రం నీళ్ళలో తిరగదు" అనేది ఆమె.

ఇరవై ఏళ్ళలో ఆమె రాసినవి రెండు గ్రంథాలు, ఒక విడి తాటాకు. ఆ తాటాకు కథ వినండి. మొదటి గ్రంథం భాండాగారంలో పెట్టిన రెండేళ్ళకు, ఒకనాడు చిన్న చక్రానికి పుల్ల అడ్డం పడి మూడో తలుపు ఇరుక్కుంది. అలా జరిగితే తను రాసిన వరస పనిచెయ్యదని కేతమ్మకు అప్పుడే తెలిసింది. ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. మరుసటి వారమంతా నీళ్ళు పోసి పోసి దిద్దుబాటు కనిపెట్టింది. అది ఒక తాటాకు మీద రాసి తన గ్రంథానికి చేర్చి, తన చేత్తోనే దానికి నల్లదారం కట్టింది. ఇంకో తాటాకు మీద అదే రాసి, గట్టు మీదికి నడిచి వెళ్ళి, తలుపుల కాపరి ఎల్లన్న చేతిలో పెట్టింది.

ప్రోలయ విరగబడి నవ్వాడు. "కేతమ్మగారూ, తన మొహానికి తనే మసి పూసుకునేవాళ్ళను మిమ్మల్నే చూశాను!"

"మొహానికి మసి అయితే కడుక్కోవచ్చు ప్రోలయగారూ" అంది కేతమ్మ.

కాలం గడిచింది. ఒక ఏడు రాజుగారికి ఒక ఆలోచన వచ్చింది. రాజులకు ఆలోచనలు వస్తే ఊళ్ళో ఎవరో ఒకరికి నిద్ర ఉండదు కదా! "యంత్రశాలకు పెద్ద కావాలి. మూడు రోజులు పరీక్ష పెడతాను. అందరికంటే మిన్న అయినవారికి పెద్దపీట. పది గ్రంథాలు కూడా రాయనివారు గది ఖాళీ చెయ్యాలి" అని చాటింపు వేయించాడు.

కేతమ్మ రాసినవి రెండే గదా! పెద్దపీట మీద ఆమెకు ఆశ లేదు. కానీ ఆ గది పోతే చిన్న చక్రం ఎక్కడ తిప్పుతుంది? చక్రం తిప్పకుండా ఆమె ఏం రాస్తుంది?

మొదటి రోజు రాజుగారు కొలువులో పెద్ద తక్కెడ పెట్టించాడు. ఒక పళ్ళెంలో ప్రోలయ గ్రంథాలు, ఒక పళ్ళెంలో కేతమ్మ గ్రంథాలు. ప్రోలయ పళ్ళెం నేలకు కొట్టుకుంది. కేతమ్మ పళ్ళెం గాలిలో ఊగుతూ ఉండిపోయింది.

రెండో రోజు దారాలు లెక్కపెట్టించాడు. ప్రోలయ గ్రంథాలకు వెయ్యిన్ని నూరు ఎర్రదారాలు. కేతమ్మ గ్రంథాలకు నాలుగు ఎర్రదారాలు, ఒక నల్లదారం.

రాజుగారు కనుబొమలు ముడిచాడు. "ఈ నల్లదారం ఎవరు కట్టారు?"

"నేనే కట్టాను మహారాజా."

"నీ గ్రంథానికి నువ్వేనా? ఎందుకమ్మా?"

"తప్పు నాది కనుక."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారు నవ్వలేదు గానీ తల అడ్డంగా ఆడించి, "మూడో పరీక్ష నీకు అక్కర్లేదు కేతమ్మా. రేపు గది ఖాళీ చెయ్యి" అన్నాడు.

మూడో రోజు తెల్లవారేసరికి ఆకాశం నల్లబడి ఉంది. పైదేశంలో పెద్ద వాన. కేతమ్మ చిన్న చక్రాన్ని పాత చీరలో చుట్టి బండి మీద పెట్టుకుంటోంది. కొలువులో రాజుగారు ఇక మూడో పరీక్ష ఎందుకని ప్రోలయను పెద్దపీట మీద కూర్చోబెట్టబోతున్నాడు. అంతలో ఒక భటుడు రొప్పుతూ వచ్చాడు.

"మహాప్రభూ! వరదకు ఒక చెట్టు మాను కొట్టుకొచ్చి మూడో తలుపులో ఇరుక్కుంది. తలుపు కదలటం లేదు. నీళ్ళు గట్టు అంచుకు వస్తున్నాయి!"

రాజుగారు ప్రోలయ వైపు తిరిగాడు. "పండితా, ఇప్పుడు ఏ వరస పెట్టాలి?"

"నా ఏడో గ్రంథంలో ఉన్నది మహారాజా" అని ప్రోలయ కట్ట విప్పాడు. అందులో ఇలా ఉంది: "తలుపు ఇరుక్కున్నచో చేయదగినది ముప్పయ్యో గ్రంథమున వివరింతును." ముప్పయ్యోది విప్పారు. "ఈ సంగతి యాభై రెండో గ్రంథమున విస్తరింతును." యాభై రెండోది విప్పారు. "ఇది ఏడో గ్రంథముననే చెప్పియుంటిని."

ప్రోలయ మళ్ళీ ఏడోది విప్పాడు. ఏడు, ముప్పై, యాభై రెండు. మళ్ళీ ఏడు. అన్నేళ్ళుగా రాసినాయనకు కూడా ఆ రోజే తెలిసింది, చెప్పవలసిన మాట ఎక్కడా చెప్పలేదని.

ఇంతలో రెండో భటుడు వచ్చాడు. వాడు పరుగెత్తలేదు, నడిచి వచ్చాడు. "ప్రభూ, నీళ్ళు తగ్గాయి. రెండో తలుపు గుండా చేలకు పోతున్నాయి."

రాజుగారు సింహాసనం దిగాడు. వెంటనే గట్టు మీదికి వెళ్ళాడు. అక్కడ ఎల్లన్న చక్రం పక్కన కూర్చుని తడిసిన తలపాగా పిండుకుంటున్నాడు.

"ఏం చేశావయ్యా?"

"చీల మార్చానండి దొరా" అంటూ ఎల్లన్న కాపరి పాక చూరులోంచి ఒక తాటాకు తీశాడు. పొగకు నల్లబడి, అంచులు అరిగి ఉంది. రాజుగారు చదివాడు: "మూడో తలుపు ఇరుక్కుంటే నేను మొదట రాసిన వరస పనిచెయ్యదు. తప్పు నాది. తొమ్మిదో కంతలో చీల తీసి పదకొండో కంతలో పెట్టండి. లేకపోతే రెండో తలుపు కూడా తెరుచుకోదు."

"ఇది ఇంతకు ముందు వాడారా?"

"ఏటా రెండు మూడుసార్లు వాడతామండి. ఇలాంటి చక్రాలే ఉన్న కింద ఊళ్ళ కాపరులూ రాయించుకుపోయారు. కేతమ్మగారు మాకు తెలిసేలా రాశారు గదండీ."

"మరి మీరు ఒక్క ఎర్రదారమైనా కట్టలేదేం?" రాజుగారి గొంతులో కోపం ఉంది.

ఎల్లన్న నేల చూపులు చూశాడు. "దారాలు కట్టేది పండితులు గదండీ దొరా. మమ్మల్ని భాండాగారం గడప తొక్కనిస్తారా?"

రాజుగారి కోపం ఎటు పోయిందో పోయింది, సిగ్గు మిగిలింది. తూకం వేశాడు, దారాలు లెక్కపెట్టాడు, పనిచేసేవాణ్ణి మాత్రం అడగలేదు. ఆయన యంత్రశాల ముందున్న కేతమ్మ బండి దగ్గరికి నడిచి వెళ్ళి, పాత చీరలో చుట్టిన చక్రాన్ని తన చేతులతో దించాడు.

"తల్లీ, ఈ గది నీది. పెద్దపీట కూడా నీదే. ఇంకేం కావాలో అడుగు."

కేతమ్మ కళ్ళు తుడుచుకుంది. "భాండాగారం తలుపు తెరిపించండి మహారాజా. గ్రంథం వాడినవాళ్ళే దారం కట్టాలి. ఎర్రదో నల్లదో వాళ్ళ ఇష్టం."

మర్నాడు కాపరులు వచ్చారు, రైతులు వచ్చారు. బురద కాళ్ళతో గడప తొక్కారు. దారం ఎక్కడ దొరుకుతుందో తెలియక కొందరు తలపాగా ఎర్ర అంచు చింపి కట్టారు. సాయంత్రానికి కేతమ్మ తాటాకు మీద నల్లదారం కనబడలేదు, దాని చుట్టూ అన్ని ఎర్రదారాలు కట్టారు.

ప్రోలయ నెల రోజులు గది దాటి రాలేదు. తరువాత నూట ఎనిమిది గ్రంథాలను కూర్చి రెండుగా చేసుకుని తెచ్చాడు. అందులో ఒక తప్పు తనే పట్టుకుని, అలవాటు లేని చేత్తో నల్లదారం కట్టబోయాడు. ముడి పడలేదు. కేతమ్మ వచ్చి దారం రెండో కొస పట్టుకుంది.

ఎన్ని రాశావని తక్కెడ చెబుతుంది, ఎంత పనికొచ్చావని వాడినవాళ్ళు చెబుతారు; తన తప్పు తానే చెప్పుకున్నవారి మాటనే లోకం నమ్ముతుంది.