పగవాళ్ళ గాడిద

అనగనగా ఒక ఊరు. ఊరంటే గోడలూ వీధులూ ఉండే ఊరు కాదు అమ్మలూ, విప్పి మళ్ళీ కట్టుకునే గుడారాల ఊరు. ఎడారిలో ఉండేది. ఇవాళ ఇక్కడుంటే రేపెక్కడో ఎవరికీ తెలీదు. పైన మబ్బు కదిలితే కింద ఊరు కదలాలి. ఆ మబ్బు దేవుడిది. దానికి కాళ్ళనొప్పులు తెలీవు.

ఆ జనమంతా అంతకుముందు ఐగుప్తు అనే దేశంలో బానిసలు. రాజుకి ఇటుకలు చేసిపెట్టేవాళ్ళు. మట్టిలో గడ్డి కలిపి తొక్కితేనే ఇటుక నిలుస్తుంది. ఒకసారి రాజుకి కోపం వచ్చింది. అప్పుడు గడ్డి ఇవ్వడం మానేశాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుక మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదన్నాడు.

ఆ జనంలో హొగ్లా అని ఒకావిడ. పొద్దస్తమానం తిరిగి, కోతకోసిన చేలల్లో కొయ్యకాళ్ళు పీకి, మోపు కట్టి పెట్టుకుంది. పక్కింటి మిల్కా ఆ మోపు ఎత్తుకుపోయింది. మర్నాడు హొగ్లా మొగుడి ఇటుకలు తక్కువయ్యాయి. కాపలావాళ్ళు అతన్ని కొట్టారు. ఆ వంగిన నడుము మళ్ళీ నిటారుగా నిలవలేదు.

ఆ తర్వాత దేవుడు వాళ్ళని ఐగుప్తు నుంచి బయటికి తెచ్చాడు. సముద్రాన్ని రెండుగా చీల్చి దాటించాడు. సముద్రమైతే చీలింది గానీ, మిల్కా దగ్గర హొగ్లా నోరు తెరుచుకోలేదు.

అప్పుడు ఒక కొండ దగ్గర దేవుడు వాళ్ళకి చట్టాలిచ్చాడు. చంపొద్దు, దొంగిలించొద్దు, అవి పెద్దవి, నీకూ తెలుసు. చిన్నవి బోలెడున్నాయి. అందులో ఒకటి ఇది. పగవాడి గాడిద బరువు కింద పడిపోయి కనిపిస్తే వదిలేసి పోకూడదు, అతనితో కలిసి దాన్ని లేపాలి.

మిల్కాకి ఉన్నది ఒక ముసలి గాడిద, కళ్ళు కనపడని అత్తగారు. మొగుడు దారిలోనే పోయాడు. గుడారం, తిరగలి, నీళ్ళ తిత్తి అన్నీ ఆ గాడిద మీదే. నడకలో వెనకబడితే ప్రమాదం. వెనకబడ్డవాళ్ళ మీద ఎడారి దొంగలు పడేవాళ్ళు.

మొదటిసారి గాడిద పడినప్పుడు హొగ్లా దూరం నుంచే చూసి, మొహం మీదకి ముసుగు లాక్కుని దాటిపోయింది. చూస్తేనే కదా చట్టం. ఎవరో ఆగి లేపారు. సాయంత్రం ఆ గుడారాల్లో తగవులు తీర్చే పెద్దాయన హొగ్లాని పిలిపించి, చూడనిదానివి ముసుగెందుకు లాక్కున్నావమ్మా అని అడిగాడు.

రెండోసారి హొగ్లా ఆగింది. మిల్కా మాత్రం చక్కగా వెళ్ళి రాయి మీద కూర్చుంది. "చట్టం నీకు, నాకు కాదు. లేపు," అంది. హొగ్లా చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. చాలాసేపటికి గాడిదే విసుగొచ్చి లేచింది. ఈసారి పెద్దాయన మిల్కాకి చివాట్లు పెట్టాడు. కలిసి అన్నాక సగం పని నీది, నువ్వు కూర్చుంటే ఆమె ఆగక్కర్లేదు అన్నాడు.

మిల్కా తప్పయిందని ఒక్కమాట అనేస్తే పోయేదిగా అంటావు. నిన్న మీ తమ్ముడితో అన్నావా నువ్వు? లేదు కదా. మరి విను.

మూడోసారి ఇసక దుమారం లేచింది. ఊరంతా ముందుకెళ్ళిపోయింది. వంగిన మొగుణ్ణి నడిపించుకుంటూ హొగ్లా, ఆమె వెనక అత్తగారితో మిల్కా, అంతే మిగిలారు. అప్పుడు గాడిద కూలబడింది. మిల్కా ఈసారి కూర్చోలేదు. ఒకపక్క బరువు ఎత్తితే రెండోపక్క జారిపోతోంది. అత్తగారు గాలిలో చేతులు చాపి కోడల్ని వెతుక్కుంటోంది.

హొగ్లా వెనక్కి చూసి నిలబడిపోయింది. ఆగితే తామూ దొంగలకి దొరుకుతారు. మొగుడి వంక చూసింది. అతను ఇసకలో చతికిలబడి, నన్నెవడూ ఎత్తుకుపోడులే, వెళ్ళు అన్నాడు.

అప్పుడు హొగ్లా వెళ్ళి గాడిదకి రెండోపక్క నిలబడింది.

"ఎత్తు," అంది.

అన్నేళ్ళలో మిల్కాతో అన్న మొదటి మాట అది.

ఇద్దరూ తిరగలి దించారు. గాడిదని లేపారు. మళ్ళీ అన్నీ ఎక్కించారు. ఆ తర్వాత తాడు అటునుంచి ఇటు అందిస్తూ, తలెత్తకుండా మిల్కా అంది.

"ఆ మోపు నీదని తెలిసే తీశాను. తీయకపోతే ఆ దెబ్బలు మా ఆయనకి పడేవి."

హొగ్లా తాడు అందుకుంది.

"తెలుసు," అంది. "గట్టిగా లాగు, ముడి వదులైపోతోంది."

చీకటి పడేలోపు గుడారాలు చేరారు. మనుషులు నలుగురూ, గాడిదా.

తర్వాత స్నేహితులయ్యారా అంటే, లేదు. ఒకరి పొయ్యి దగ్గర ఒకరు రొట్టె తిన్నది లేదు. ఆ చట్టంలో కావలించుకోమని రాసిలేదు. అలిసిపోయినవాళ్ళని దేవుడు ఆ పూటకి అంతే అడిగాడు. కానీ ఆ తర్వాత మబ్బు కదిలినప్పుడల్లా హొగ్లా మొగుణ్ణి తీసుకుని మిల్కా గాడిద వెనకే నడిచేది. ముందు నడవచ్చుగా అని ఎవరో అడిగారు. ముందుంటే అది పడినప్పుడల్లా వెనక్కి నడవాలి, నాకంత ఓపిక లేదు అంది.

కథేమో కంచికి,
గాడిదేమో గాటికి,
మబ్బేమో కొండకి,
మనమేమో ఇంటికి.
ఇంట్లోనే ఉన్నాం కదా, ఇంక కళ్ళు మూసుకో.