మడ అడవిలో ఉక్కు ఇల్లు

అనగనగా, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉండేదర్రా. ఎవరూ పిలవకపోయినా ఆ అడవికి ఏటా ఠంచనుగా తుఫాను వచ్చేది.

ఆ అడవికి కోరయ్య అనే పంది మేస్త్రి. తుఫాను రోజులకు ముందే అడవిలోని పిల్లలందరి కోసం ఒక మంచె ఇల్లు కట్టడం అతని పని. కోరలతో మడ చెట్లను పెకలించి, గుంజలు పాతి, పైన రెల్లు కప్పి చకచకా ఇల్లు లేపేవాడు. ఇల్లు పొడుగ్గా, ముచ్చటగా ఉండేది. తుఫాను వచ్చేది. ఇల్లు కూలేది. గాలి తగ్గాక తల్లులూ తండ్రులూ బురదలో పిల్లల్ని వెతుక్కునేవారు. కొందరు దొరికేవారు. కొందరు దొరికేవారు కాదు. కిందటేడు కోరయ్య చిన్న కూతురే దొరకలేదు.

అయినా ఈ ఏడు వానలు మొదలవగానే కోరయ్య మళ్ళీ అదే మాట అన్నాడు.

"మన తాతలు ఇలాగే కట్టారు. పోతే పోతుంది, మళ్ళీ కట్టుకుంటాం."

గుండె రాయి చేసుకుని అన్నాడు పాపం. మిగిలిన ఇద్దరు పిల్లల్నీ ఆ ఇంట్లోనే పెట్టాలి. కానీ ఇంకోలా కట్టడం అతనికి తెలిస్తేగా!

"మావయ్యా, ఒక్క మాట" అంది రేవమ్మ అనే నీటికుక్క. "గాలిని ఆపేవి ఈ మడ చెట్లే కదా. వాటినే పీకేసి, గాలికి ఆగే ఇల్లు కడతామంటే ఎలా? ఏటికేడు అడవి పలచబడుతోంది. గాలి జోరు పెరుగుతోంది."

కోరయ్యకు ఒళ్ళు మండింది. "చేపలు పట్టుకునేదానివి, ఇళ్ళ సంగతి నీకేం తెలుసమ్మాయ్? చెట్లు వద్దంటే దేంతో కట్టను, ఇసకతోనా?"

"ఉక్కుతో" అంది రేవమ్మ.

ఇసక తిప్ప మీద ఎప్పుడో విరిగిన ఓడ ఒకటి పడి ఉంది. అందరూ రోజూ చూసేదే. రేవమ్మ ఒక్కతే దాన్ని పనికొచ్చే సరుకులా చూసింది.

"ఉప్పునీటికి తుప్పు పట్టదూ?" అని ఎగతాళి చేశాడు తుర్రయ్య అనే కోతి.

"పడుతుందో లేదో చూద్దాం" అంది రేవమ్మ. ఓడలోంచి మూడు రకాల కడ్డీలు తెచ్చి ఉప్పు బురదలో పాతింది. వానలన్నీ వెళ్ళేదాకా వాటిని కదపలేదు. ఏం ఓపిక తల్లీ ఆవిడది!

వానలు వెనకబట్టాక, తుఫాను రోజులు ఇంకా రాకముందే, అందరూ చూస్తుండగా వాటిని పైకి తీసింది.

మొదటిది మామూలు ఇనుము. పొరలు పొరలుగా లేచిపోయింది. తుర్రయ్య వంచగానే పుటుక్కున విరిగింది.

రెండోది ఎర్ర రంగు వేసిన ఇనుము. "అబ్బ, ఎంత బాగుందో!" అని తుర్రయ్య గంతులేశాడు. రంగు మీద చిన్న గీత ఉంది. రేవమ్మ అక్కడ గోరుతో గీకింది. రంగు పెచ్చులుగా ఊడింది. కిందంతా తుప్పే.

మూడోది ఓడ అంచున పట్టుకునే కడ్డీ. దానికి మట్టి పట్టి ఉంది. రేవమ్మ తడి ఆకుతో తుడిచింది. కొత్తదానిలా తళుక్కుమంది.

"తుప్పు పట్టని ఉక్కంటే ఇదీ!" అంది రేవమ్మ.

"ఎర్రదే మేలు. చేత్తో లాగితే ఊడొస్తుంది. దీన్ని పీకాలంటే నడుం విరుగుతుంది" అన్నాడు తుర్రయ్య.

అందరూ మేస్త్రి వైపు చూశారు. కోరయ్య ఆ రంగు కింది తుప్పును చూస్తూ ఉండిపోయాడు. తన పొడుగాటి ఇల్లూ పైకి ఇంత ముచ్చటగానే ఉండేది. చిన్న కూతురు కళ్ళలో మెదిలింది.

"విరిగితే నా నడుమే విరుగుతుంది. నేను పీకుతాను" అన్నాడు.

అంతే, పని మొదలైంది. కోరయ్య గట్టి నేల తగిలేదాకా గోతులు తవ్వాడు. కోతులు కడ్డీలు నిలబెట్టి, వాటి నడుమ ఏటవాలుగా మరికొన్ని బిగించాయి. కిందటేటి నీటి చార చెట్ల మీద ఎంత ఎత్తున ఉందో చూసి, అంతకు పైన నేల పరిచారు. గోడలకు గాలి దూరిపోయేలా సందులు వదిలారు. ఒక్క మడ చెట్టునూ ముట్టుకోలేదు.

"ఇంత పొట్టి ఇల్లా?" అన్నాడు కోరయ్య.

"పొడుగైతే గాలి చేతికి దొరుకుతుంది మావయ్యా."

"ఇదంతా ఎక్కడ నేర్చావమ్మాయ్?"

"ఆ ఓడ దగ్గరే. ఏది విరిగిందో, ఏది నిలిచిందో చూస్తూ వచ్చాను."

కోరయ్య నోరెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళ మేస్త్రీ ఆ రోజు మనస్ఫూర్తిగా ఆమెకు తల వంచాడు.

తుఫాను రానే వచ్చింది. పిల్లలందరినీ ఇంట్లో పెట్టి, పెద్దలు మడ చెట్లను పట్టుకుని బిక్కుబిక్కుమంటూ గడిపారు. గాలి హోరుమంది. సముద్రం అడవిలోకి దూసుకొచ్చింది.

గాలి తగ్గీ తగ్గగానే కోరయ్య అలవాటు కొద్దీ బురదలోకి పరిగెత్తాడు. మూతితో నేలంతా కుళ్ళగించాడు. "చిట్టితల్లీ! బుజ్జిగా!" అని అరిచాడు.

రేవమ్మ వెనకాలే వచ్చి అతని భుజం తట్టింది.

"అక్కడ కాదు మావయ్యా. పిల్లలు ఇంట్లోనే ఉన్నారు."

కోరయ్య తలెత్తాడు. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. సందుల్లోంచి బుజ్జి బుజ్జి మూతులు తొంగి చూస్తున్నాయి.

"నాన్నా, ఆకలేస్తోంది!" అని అరిచారు అతని పిల్లలిద్దరూ.

కోరయ్య ఆ బురదలోనే కూలబడి, సంతోషం పట్టలేక భోరున ఏడ్చాడు.

నీతి: ఏటా కూలేదాన్ని ఏటా కట్టడం గొప్ప కాదు. మనల్ని కాచే చెట్టును మనం కాచుకుంటూ, పరీక్షించి ఎంచుకున్న గట్టి సరుకుతో నాలుగు కాలాలు నిలిచేలా కట్టడమే గొప్ప.